మకాం మావయ్యకి నచ్చిన గది

మొదట ఇచ్చిన గదిలో ఉండిపోయిన చరిత్ర మకాం మావయ్యకి లేదు. గది ఒక్కటే కాదు; మొదట చూపించిన కుర్చీ, మొదట రాసిచ్చిన బెర్తు, మొదట వేసిన మంచం, ఏదీ ఆయనకి కుదరదు. సినిమాకి వెళితే ఇంటర్వెల్ లోపల మూడు వరసలు మారి, కథ అర్థం కాక, ఇంటికొచ్చి భార్యని అడుగుతారు. ఒకసారి అపెండిక్స్ ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరి, డాక్టరు వచ్చేలోగా రెండు మంచాలు మారారు. ఆయన వదిలిన మంచంలోకి వచ్చిన కాలు విరిగిన మనిషిని ఆ డాక్టరు "కడుపునొప్పి తగ్గిందా?" అని అడిగితే, అతను హడలిపోయి "అది కూడా ఉందాండీ నాకు?" అన్నాడట.

చుట్టాల పిల్లలు పెట్టిన పేరే మకాం మావయ్య. పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు విడదీశారు. ఏ ఉత్తరం ఏ అరలో పడాలో కళ్లు మూసుకుని చెప్పగలిగిన ఆ మనిషి, తను ఏ అరలో పడాలో మాత్రం రిటైరయ్యేదాకా తేల్చుకోలేకపోయారు. రిటైరయ్యాక కూడా.

కోడలు ఆ ఇంటికొచ్చి ఎనిమిది నెలలయింది. కంటి ఆస్పత్రిలో రిసెప్షనిస్టు. రోజుకి వందమంది చిరాకుని చిరునవ్వుతో పుచ్చుకుని "పర్లేదండీ" అనడం ఆమె ఉద్యోగం. అలవాటైపోయి ఇంట్లో కూడా అదే మాట. కాలు తొక్కినా పర్లేదు, కూర మిగలకపోయినా పర్లేదు. అత్తగారైతే ఇంకో ఆకు ఎక్కువ చదివిన మనిషి. పెళ్లయిన ముప్పైఆరేళ్లలో "నాకిది కావాలి" అని ఆవిడ నోటివెంట విన్నవాళ్లు లేరు.

ఈ ముగ్గురూ, అబ్బాయీ, మొత్తం నలుగురూ ఆరురోజుల సెలవుకి ఒక సరస్సు ఒడ్డున దిగారు. అది హోటల్ కాదు. పదహారు చిన్న ఫ్లాట్లున్న రెండంతస్తుల పాత భవనం. ఎవరి వంట వాళ్లే చేసుకోవచ్చు. కట్టిన రోజున అది చాలా ఫ్యాషన్ అయి ఉండాలి. ఆ రోజు వెళ్లిపోయి ఓ నలభై ఏళ్లయింది. బాత్రూమ్ పలకల మీద గోధుమరంగు పువ్వులు, మోగడం మానేసిన డయలు ఫోను, తాళంచెవికి రొట్టెల కర్రంత చెక్కముక్క. కానీ ఎంత ప్రశాంతత! గడ్డి మీద నీళ్లు చిమ్మే గొట్టం చప్పుడు, బాతుల గొణుగుడు, అంతే. సీజన్ కాదు కాబట్టి ఫ్లాట్లు సగానికి పైగా ఖాళీ.

"ఖాళీ" అన్న మాట మేనేజరమ్మ మావయ్య ముందు అనకుండా ఉండాల్సింది. కళ్లజోడు గొలుసుకి వేలాడేసుకున్న నెమ్మదైన మనిషి ఆవిడ. పై అంతస్తులో పదకొండో నంబరు తాళం ఇచ్చింది. సామాన్లు ఎక్కించారు. సరస్సు మొత్తం కిటికీలో పటం కట్టినట్టు కనిపిస్తోంది. కోడలు "ఎంత బాగుందో!" అంది. మావయ్య మాత్రం కొళాయి తిప్పి, దాని దగ్గర చెవి పెట్టి విన్నారు.

"ఈ కొళాయి ఏడుస్తోంది."

"కొళాయి ఏడవడమేంటి నాన్నా?"

"నీకు వినపడదురా. నాకు వినపడుతోంది. కింద గది అడుగుదాం."

"పర్లేదండీ, ఇక్కడే ఉందాం," అన్నారు అత్తయ్య.

"నీకు పర్లేదోయ్. నాకు నిద్ర పట్టొద్దూ?"

సామాన్లు దిగాయి. కింద రెండో నంబరు. అక్కడ గోడ మీద ఒక గుర్రం పటం ఉంది. మర్నాడు పొద్దున్న మావయ్య దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఇది నన్నే చూస్తోంది."

"పటం తీసేద్దాం మావయ్యగారూ."

"తీసేస్తే మాత్రం? అది ఇక్కడుందని నాకు తెలుసు కదమ్మా."

కోడలు ఆఫీసుకి వెళ్లి, బల్లకి ఇవతల నిలబడి సిగ్గుతో సగమైంది. రోజూ బల్లకి అవతల కూర్చుని ఇలాంటి మనుషుల్ని ఎంతమందిని చూసిందో! వాళ్ల వెనక తలొంచుకుని నిలబడే చుట్టాలని కూడా చూసింది. ఇవాళ ఆ తల తనది. "గుర్రం... అంటే మా మావయ్యగారికి..." అని నసుగుతుంటే మేనేజరమ్మ మారుమాట లేకుండా అయిదో నంబరు తాళం తీసిచ్చింది.

అయిదో నంబరులో మావయ్య నోరెత్తలేదు. వరండాలో పేము కుర్చీ వేసుకుని అత్తయ్య కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అబ్బాయి తండ్రితో చదరంగం మొదలుపెట్టాడు. కోడలు హమ్మయ్య అనుకుని వంటలోకి దిగింది. ఆ ఫ్లాట్‌లో వంటగది మాత్రం నడవా చివర ఉంది. కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో పక్క భవనం గోడ. అత్తయ్య సాయానికి వస్తే "మోకాలు నొప్పితో మీరెందుకు, కూర్చోండి" అని పంపించేసింది. భర్త వచ్చి, పంచదార ఎక్కడుందని అడిగి, తీసుకుని వెళ్లిపోయాడు.

వరండాలో గొల్లున నవ్వులు. కోడలు గరిటతోనే పరుగెత్తుకొచ్చేది.

"ఏంటి? ఏమైంది?"

"ఏం లేదు, బాతు."

"బాతు ఏం చేసింది?"

"అయిపోయిందిలే. ఇప్పుడు చెయ్యట్లేదు."

రెండు రోజుల్లో ఇలా ఏడెనిమిది బాతులు దాటిపోయాయి. "నువ్వొచ్చి కూర్చోవచ్చు కదా," అని భర్త అంటే "పర్లేదు, నాకు పని ఉంటేనే తోస్తుంది," అంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ గోడని ఎంతసేపు చూసిందంటే, దానికెన్ని పగుళ్లున్నాయో కూడా తెలిసిపోయింది.

నాలుగో రోజు పొద్దున్న మావయ్య గడ్డం గీసుకుంటూ, సగం సబ్బు మొహంతో హాల్లోకొచ్చారు.

"ఈ అద్దం మంచిది కాదు."

ముగ్గురూ చేస్తున్న పని ఆపి ఆయన వైపు తిరిగారు.

"ఇందులో నేను అచ్చం మా పెద్దన్నయ్యలా ఉన్నాను. సెలవులకొచ్చి పొద్దున్నే ఆయన మొహం చూడమంటారా? మారుద్దాం."

అబ్బాయి చదరంగం బల్ల మూసేశాడు. అత్తయ్య లేచి మడత పెట్టిన చీరల్నే మళ్లీ మడత పెట్టడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలల్లో మొదటిసారి కోడలికి నషాళానికంటింది. ఆఫీసుకి వెళ్లి క్షమాపణ చెప్పి, ఎన్ని గదులున్నా లేవని చెప్పమని మేనేజరమ్మని బతిమాలుకుందామని విసవిసా నడిచింది. ఇంక జన్మలో ఈయనతో ప్రయాణం కట్టకూడదని దారిలోనే ఒట్టు పెట్టుకుంది.

"అమ్మా, మీరూ నేనూ ఒకే రకం ఉద్యోగస్తులం. మా మావయ్యగారి తరఫున..."

"ఏడో నంబరు తాళమేగా? సిద్ధంగా ఉంది," అంది మేనేజరమ్మ. "సార్ నిన్ననే వచ్చి అడిగి వెళ్లారు."

"నిన్ననా? అద్దం సంగతి ఇవాళ కదా చెప్పారు?"

మేనేజరమ్మ కళ్లజోడు తీసి, ముసిముసిగా నవ్వింది. "అద్దం నాకు తెలీదు. వంటగదికీ వరండాకీ మధ్య గోడ లేని ఫ్లాట్ ఉందా అని అడిగారు. 'మా కోడలు రెండు రోజులుగా గోడతో కాపురం చేస్తోందమ్మా. అడిగితే పర్లేదంటుంది. మా ఇంట్లో ముప్పైఆరేళ్లుగా ఒక పర్లేదు ఉంది. ఇప్పుడిది రెండో పర్లేదు. ఇద్దరితో వేగలేక చస్తున్నాను,' అన్నారు."

కోడలు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుండిపోయింది.

"మరి ఆ కొళాయి?"

"పై అంతస్తుకి మెట్లెక్కుతూ మీ అత్తగారు రెండు మెట్లకోసారి ఆగి, చెప్పు సరిచేసుకున్నట్టు నటించారట. మోకాలంటే ఆవిడ ఒప్పుకోరట."

"గుర్రం?"

"గుర్రం పాపం ఏం చేసిందమ్మా! ఆ ఫ్లాట్‌లో మంచం జానెడెత్తు. పొద్దున్నే ఆవిడ గోడ పట్టుకుని లేస్తుంటే చూశారట."

"ఆ మాటే చెప్పొచ్చు కదండీ? మేం కాదంటామా?"

"నేనూ అదే అన్నాను. 'నీ కోసం మారుదామంటే మా ఆవిడ చచ్చినా కదలదు. నాకు నచ్చలేదంటే తిట్టుకుంటూ అయినా వస్తుంది. తిట్లు నాకు అరుగుతాయి,' అన్నారు."

కోడలు తాళం పుచ్చుకుని బయటికొచ్చింది. ఆస్పత్రిలో ఆ పక్కమంచాలు, సినిమాలో ఆ వరసలు గుర్తొచ్చి, వాటికి కారణాలేమై ఉంటాయా అని నడుస్తూ ఆలోచించింది. ఆపరేషన్ సంగతికి మాత్రం ఏ కారణమూ దొరకలేదు. కొంత పిచ్చి నిజమే అయి ఉంటుంది.

ఫ్లాట్‌కి వెళ్లి ఎవరికీ ఏమీ చెప్పలేదు. "పదండి, నిజంగానే ఆ అద్దం బాగాలేదు," అని అందరికంటే పెద్ద పెట్టె తనే ఎత్తుకుంది. మావయ్య అనుమానంగా చూశారు. ఆయన జీవితంలో ఒకరు తనతో ఏకీభవించడం అదే మొదలు.

ఏడో నంబరులో పొయ్యికీ వరండాకీ మధ్య నడుమెత్తు అరుగు తప్ప ఏమీ లేదు. పొయ్యి దగ్గర నిలబడితే ఎదురుగా సరస్సు. ఆ పూట మావయ్య అరుగు అవతల కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. ఒక్కో ముక్కా పోస్టుకార్డంత. ఏడుస్తూ, ముక్కు చీదుతూ పాత పోస్టుమాస్టరు కథలు చెప్పారు. అత్తయ్య కుర్చీ అరుగుదాకా లాక్కుని కూర్చున్నారు. భర్తకి గిన్నెలు తోమడం తప్పలేదు; పారిపోవడానికి మధ్యలో గోడ లేదు. బాతు ఏం చేసిందో కోడలు తన కళ్లతో చూసింది. పెద్దగా ఏమీ చెయ్యలేదు. అయినా అందరికంటే ఎక్కువ నవ్వింది.

"ఎలా ఉందమ్మాయ్ ఇక్కడ?" అన్నారు మావయ్య, కళ్లు తుడుచుకుంటూ.

"పర్లే..." అని ఆగింది కోడలు. "బాగుంది మావయ్యగారూ. కానీ ఫ్యాను గాలి నా దాకా రావట్లేదు. నాకో టేబుల్ ఫ్యాన్ కావాలి."

మావయ్య కత్తి కిందపెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకి పరుగెత్తారు. ఆయనా, మేనేజరమ్మా చెరోవైపు పట్టుకుని, ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు ఫ్యాన్ తీసుకొచ్చారు.

కోడలు నోరు తెరిచి అడిగింది, ఆకాశం విరిగి పడలేదు. అత్తయ్య అదంతా చూశారు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, చివరికి ఎవరి మొహమూ చూడకుండా అన్నారు.

"ఏవండీ... వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. సరస్సులో తిరుగుతోందే, ఆ పడవ ఎక్కాలని ఉంది."

మావయ్యకి నీళ్లంటే చచ్చేంత భయం. కాళ్లు తడుపుకోడానికి కూడా ఒడ్డు చూసుకుని కూర్చునే మనిషి. భార్య మొహంలోకి చూశారు. "పద," అన్నారు.

ఆ సాయంత్రం నలుగురూ పడవెక్కారు. పడవాయన మావయ్యని ఎడమ పక్క బల్ల మీద కూర్చోబెట్టి, "సార్, ఒక్కటే మాట. ఒడ్డు చేరేదాకా ఎవరూ సీటు మారకూడదు. మారితే బోల్తానే," అన్నాడు.

అబ్బాయీ, కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావయ్య రెండు చేతులతో బల్లని కరుచుకుని కూర్చున్నారు. సరస్సు మధ్యకి వచ్చేసరికి ఎండ ఏటవాలుగా తిరిగి, సరిగ్గా అత్తయ్య కళ్లలో పడసాగింది. ఆవిడ కళ్లు చికిలించి నవ్వుతూనే ఉన్నారు. మావయ్య ఎండని చూశారు, భార్యని చూశారు, తన చోటుని చూసుకున్నారు. ఆయన లేవబోతుండగా పడవ ఒకపక్కకి ఒరిగింది.

"సార్! కదలకండి!" అని పడవాయన కేక పెట్టాడు.

మావయ్య కూలబడ్డారు. ముప్పైఆరేళ్లలో మొదటిసారి, కూర్చోబెట్టిన చోటే కూర్చోక తప్పలేదు. కాసేపు ఏం చెయ్యాలో తోచక కొట్టుమిట్టాడారు. తర్వాత ఒక చేత్తో బల్లని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో భుజం మీది తువ్వాలు తీసి, కదలకుండా, చెయ్యి సాచగలిగినంత సాచి, ఎండకి అడ్డంగా పట్టారు. తువ్వాలు నీడ అత్తయ్య చెవి మీద పడుతోంది.

ఆవిడ ఆ నీడని ఓసారి చూసుకున్నారు. అలవాటుగా ఏదో అనబోయి, మింగేశారు.

"ఇంకొంచెం ఇటు పట్టండి," అన్నారు.