పోతురాజు మనసు విప్పిన రోజు

చాట్రాయి మామిడి తోటలో రసాలు కోయాలంటే పోతురాజే కోయాలి. కొసన వల కట్టిన చిక్కం కర్రతో కాయను ముచ్చికతో సహా దించేవాడు. ఒక్కటీ నేల తాకేది కాదు. తోటలోని పాకలో అతనితో పాటు చిన్నయ్య ఉండేవాడు. పన్నెండేళ్ళుగా ఒకటే పొయ్యి, ఒకటే నులకమంచం. ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడమే మర్యాద గనక ఊరు చాలా మర్యాదగా ఉండేది.

1985 వేసవిలో గ్రంథాలయంలో "మనసు విప్పి మాట్లాడుకుందాం" అని సభ పెట్టారు. కూలీలనూ పిలిచారు. పెద్దలకు లోపల కుర్చీలు, కూలీలకు బయట అరుగు కింద బోలెడంత నేల. రిటైరైన హెడ్మాస్టరు సోమయాజులు గారు దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళకు జరిగే అన్యాయం గురించి గంటసేపు మాట్లాడి కళ్ళు తుడుచుకున్నారు. ఎప్పుడూ చూడని మనుషుల కోసం ఏడవడంలో ఒక సుఖం ఉంది, వాళ్ళు టీకి రారు.

"ఎవరైనా, ఏదైనా అడగొచ్చు," అన్నారాయన.

పోతురాజు నిజమే అనుకుని లేచాడు.

"అక్కడ తెల్లోళ్ళకి బెంచీలు వేరంట గదండీ. మరి ఇక్కడ మమ్మల్ని కింద కూచోబెట్టారు. మేమేం రంగండీ?"

సోమయాజులు గారు కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. తోట యజమాని వెంకటకృష్ణారావు గారికి మాత్రం ఒళ్ళు మండింది.

"మనసు విప్పడమేనా? అయితే నువ్వూ చిన్నయ్యా ఆ పాకలో ఏం వెలగబెడుతున్నారో అదీ విప్పరా!"

అందరూ నవ్వారు. చిన్నయ్య తల దించుకున్నాడు. అది చూశాక పోతురాజుకు భయం పోయింది.

"విప్పేదేముందండీ. మీకు అమ్మగారెట్టాగో నాకు చిన్నయ్య అట్టాగ. జొరమొస్తే నా కాళ్ళు పట్టేది అతనే."

సభ వెంటనే దక్షిణాఫ్రికా ప్రభుత్వాన్ని ఏకగ్రీవంగా ఖండించి ముగిసింది. అక్కడి నుంచి జవాబేమీ రాలేదు.

"అంతమందిలో ఎందుకన్నావు?" అని దారిలో చిన్నయ్య ఏడ్చాడు.

"అడిగారుగా," అన్నాడు పోతురాజు. తన కండువా తీసి అతని చేతికిచ్చాడు.

మర్నాడు పాక ఖాళీ చెయ్యమన్నారు. ఊరి పరువు అలా నిలబడింది. ఇద్దరూ గిన్నెలు మూటగట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళి, లారీలకు గంపలెత్తే పనిలో చేరారు. ఇక్కడ తోటలో కొత్త కూలీలు కొమ్మలు దులిపారు. దెబ్బతిన్న రసాలను బేరగాళ్ళు ముట్టలేదు. పదో రోజున వెంకటకృష్ణారావు గారే జంక్షన్‌కు బస్సెక్కారు.

"జరిగిందేదో జరిగింది. వచ్చెయ్యరా."

"ఇద్దరం వస్తామండీ. ఆ పాకలోకే."

ఆయన ఒక పక్క ఆచారాన్నీ, ఇంకో పక్క చెట్ల మీద మిగిలిన కాయనూ తలుచుకున్నారు. కాయే బరువు తూగింది. తిరుగు బస్సులో ఇద్దరికీ టిక్కెట్లు ఆయనే తీసి, దూరంగా ముందు సీట్లో కూర్చున్నారు. చిన్నయ్య కిటికీ పక్క చోటు అడిగాడు. పోతురాజు జరిగి ఇచ్చాడు.