గేటు బయటి సైదులు

వేములపల్లి శివారులో సైదులు పందుల ఫారం గేటు దగ్గర మందునీళ్ల తొట్టి ఉంటుంది. ఎవరొచ్చినా చెప్పులతో సహా అందులో కాళ్లు ముంచాల్సిందే. "పందికి రోగం మన చెప్పులతోనే వస్తది" అని వేలు ఊపుతూ పాఠం చెప్పడం అతని అలవాటు. పంది మాంసం అమ్మే సొంత బామ్మర్దిని కూడా గేటు దాటనివ్వలేదు. మొన్న చిలుకూరు వైపు పందులు జ్వరమొచ్చి వరసగా చనిపోతున్నాయని తెలిసి, అక్కడివాళ్లకు జాగ్రత్తలు చెబుదామని బండెక్కాడు. దొడ్డి దొడ్డీ తిరిగి గొంతు పోయేదాకా చెప్పాడు. ఆ గొప్పతనమే తలుచుకుంటూ తిరిగొచ్చి, తొట్టిని దాటుకుని నేరుగా లోపలికి పోబోతే భార్య రేణుక గేటు మూసేసింది.

"సచ్చిన పందుల నడుమ తిరిగి, గవే చెప్పులతోని లోపలికొస్తవా? కొన్ని దినాలు అవతలనే ఉండు!"

సైదులు కిందికి చూసుకున్నాడు. చెప్పులకు చిలుకూరు బురద ఎండి అంటుకుని ఉంది. ఊళ్లు తిరిగి చెప్పిన పాఠం తన ఒక్కడి చెవికే ఎక్కలేదన్నమాట. "గీ ఫారానికి నాకంటే పెద్ద రోగం లేదు" అని గొణుక్కున్నాడు. ఆ గొంతు గుర్తుపట్టి ముసలి ఆడపంది కంచె దాకా వచ్చి ముట్టె చాచింది. సైదులు గబగబా వెనక్కి జరిగాడు.

"దగ్గరికి రాకే తల్లీ, బయటి మనిషిని."