జ్ఞానప్రసూన చీజు పథ్యం

తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ జ్ఞానప్రసూన కుర్చీ దిగలేదు. ఊళ్ళోవాళ్ళ ట్రంకు కాల్సన్నీ ఆమే కలిపింది. పెళ్ళి కబుర్లు, పురుటి కబుర్లు, చావు కబుర్లు అన్నీ ఆమె చెవి మీదుగానే వెళ్ళాయి. చెవికి చేతినిండా పని దొరికింది, నోటికి దొరికింది, కాళ్ళకి మాత్రం సర్కారు ఏ పనీ అప్పజెప్పలేదు. సెల్‌ఫోన్లు వచ్చి ట్రంకు కాల్సు పోయాక ఆమెను తీసుకెళ్ళి బిల్లుల సెక్షన్‌లో ఇంకో కుర్చీలో కూర్చోబెట్టారు. రిటైరైన రోజున తోటివాళ్ళంతా చందాలు వేసుకుని, బాగా ఆలోచించి, ఆమెకి ఒక కుర్చీ బహూకరించారు. అది ఊగే కుర్చీ.

ఇంత కుర్చీ యోగం పట్టిన మనిషికి మోకాళ్ళు మొరాయించడంలో వింతేమీ లేదు. ఎముకల డాక్టరు ఫోటోలు తీసి చూసి, బరువు తగ్గితే సరే, లేకపోతే మోకాళ్ళు మార్పించుకోవాల్సిందే అన్నాడు. ఆమె అక్కగారు అలాగే రెండు మోకాళ్ళూ మార్పించుకుని మంచానికి అతుక్కుపోయింది. అందుకని ఆ మాట వినగానే జ్ఞానప్రసూనకి గుండె జారిపోయింది. సరిగ్గా ఆ సమయంలోనే అమెరికా నుంచి కూతురు నీహారిక టికెట్ పంపింది. భర్త సూర్యప్రకాశరావు మాత్రం రానన్నాడు. ఆయన అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు. తను ఊళ్ళో లేకపోతే నీళ్ళ మోటారు తిరగదని ఆయన నమ్మకం.

అమెరికా వచ్చే మన తల్లిదండ్రులకి వీసా తర్వాత అంత ముఖ్యమైనది వీల్‌చెయిర్. కాళ్ళు బాగుండకపోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. అందులో కూర్చుంటే తోసే మనిషే ఇమిగ్రేషన్ క్యూ దాటించి, ఇంగ్లీషు కూడా తనే మాట్లాడి, పెట్టెలు దింపించి, బయట పిల్లల చేతిలో పెట్టి పోతాడు. ఇంటి దగ్గర పొద్దున్నే నాలుగు వీధులు చుట్టి వచ్చే పెద్దమనుషులు కూడా విమానాశ్రయంలో ఆ కుర్చీ కనపడగానే కుంటడం మొదలుపెడతారు. జ్ఞానప్రసూన అల్లుడు ఉమాకాంత్ కూడా టికెట్ బుక్ చేస్తూనే వీల్‌చెయిర్ బుక్ చేశాడు. ఆమె కూడా మర్యాదగా కుంటింది.

చిత్రం ఏమిటంటే, షికాగోలో బయటికి వచ్చాక ఇక చాల్లే అని కుర్చీలోంచి లేవబోతే లేవలేకపోయింది. అంతసేపు విమానంలో ముడుచుకుని కూర్చున్న మోకాళ్ళు బిగుసుకుపోయాయి. తోసుకొచ్చిన మనిషి ఒక రెక్క, అల్లుడు ఒక రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది. పూలు పట్టుకుని ఎదురొచ్చిన మనవరాలు హాసిని, ఎనిమిదేళ్ళది, అమ్మమ్మని కింది నుంచి పైదాకా చూసింది.

“మమ్మీ, అమ్మమ్మకి నడవడం రాదా?”

ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ ఆ మాట జ్ఞానప్రసూనకి ముల్లులా గుచ్చుకుంది. దొంగ కుంటి కాస్తా నిజం కుంటి అయిందే అని కారులో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయింది. ఆ ఊరి పక్కనే ఉన్న షామ్‌బర్గ్‌లో ఇల్లు చేరేలోగా ఒక నిశ్చయానికి వచ్చి, ఆ రాత్రి పిల్లని పడుకోబెడుతూ దానికి ఒక్కదానికే చెప్పింది. వెళ్ళేటప్పుడు ఆ ఎయిర్‌పోర్టులో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీ చెయ్యి పట్టుకుని నడుస్తానని. హాసిని ప్రామిస్ చేయమని చిటికెనవేలు చాపింది.

బరువు తగ్గాలనుకున్నవాళ్ళకి ఆ ఇంట్లో సలహాలకి కొదవ లేదు. ఉమాకాంత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పొట్టకోసం చేసేవాడు, పొట్ట గురించి మాట్లాడటం మాత్రం మనసు పెట్టి చేసేవాడు. తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే షామ్‌బర్గ్ తెలుగువాళ్ళ పాట్‌లక్కులన్నిటికీ పథ్యం పెద్ద ఆయనే. ఆయన చొక్కా కింది బొత్తాలు రెండూ పొద్దున్నే ప్రాణాలకి తెగించి డ్యూటీ ఎక్కేవి. అయినా ఆయన మాటంటే అందరికీ గురి. ఈ దేశంలో మనుషులు ఇలా ఉబ్బిపోవడానికి ఒక్కటే కారణం, చీజ్ అనేవాడు. ఒకసారి నీహారిక శాండ్‌విచ్చుల కోసం చీజ్ ముక్కలు కొనుక్కొస్తే ప్యాకెట్టు విప్పకుండానే చెత్తబుట్టలో పడేశాడట. పిల్లల డాక్టరు గట్టిగా చెప్పింది కాబట్టి హాసిని లంచ్ బాక్సులో పెట్టే వేలెడు చీజ్ పుల్లలకి మాత్రం మినహాయింపు దొరికింది.

ఆయన రెండో సూత్రం రాత్రి అన్నం మానేయడం. ఇది ఆయనొక్కడిదే కాదు. అక్కడ ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ఇల్లు ఎక్కడ కొన్నారని అడిగిన తర్వాత వచ్చే మాట అదే. నేను రాత్రిపూట అన్నం మానేశానండీ అని ఒకరంటే, మేం ఎప్పుడో మానేశామండీ అని ఇంకొకరు. వినేవాళ్ళకి పాపం వీళ్ళు కడుపు మాడ్చుకుంటున్నారేమో అనిపిస్తుంది. నిజానికి మానేసింది అన్నం ఒక్కటే. మనకి అన్నమే తిండి, తక్కినదంతా ఫలహారం. ఫలహారం తిండి కిందికి రాదని శనివారం ఉపవాసాలు చేసిన పెద్దవాళ్ళందరూ మనకి నేర్పి పోయారు.

ఆ లెక్కన ఉమాకాంత్ ఇంట్లో రాత్రుళ్ళు ఎవరూ ఏమీ తినేవాళ్ళు కాదు. పెసరట్లు, వాటిలో ఉప్మా, ఉప్మాలో జీడిపప్పు, పక్కన అల్లం పచ్చడి, పైన నెయ్యి, అంతే. నెయ్యి మనది కాబట్టి మందు కింద లెక్క. సాయంత్రం నాలుగింటికి కాఫీతో తెనాలి నుంచి తెచ్చిన జంతికలు, చేగోడీలు. అవి ఇంట్లో చేసినవి కాబట్టి వాటిలో కొవ్వు ఉండదు. జ్ఞానప్రసూన ఈ పథ్యం నెలన్నర నిష్ఠగా పాటించి బాత్రూములో బరువు చూసే మిషనెక్కి చూసుకుంటే, వచ్చినప్పటికన్నా ఎక్కువే చూపించింది.

ఉమాకాంత్ ఆ సంగతి విని చాలాసేపు ఆలోచించాడు.

“అత్తయ్యగారూ, మీరు ఎక్కడో చీజ్ తింటున్నారు.”

అప్పటికి ఆవిడ చీజు మొహం కూడా ఎరగదు. అల్లుడితో వాదన దేనికని నవ్వి ఊరుకుంది గానీ, మిషను మీద ఆ అంకె చూసినప్పటినుంచి లోపల బెంగ పట్టుకుంది. మళ్ళీ అదే కుర్చీలో, అదే పిల్ల కళ్ళముందు వెళ్తానేమోనని ఆమె భయం.

ఆగస్టులో స్కూళ్ళు తెరిచారు. హాసినిని బస్సు దింపే మలుపు దాకా వెళ్ళి తీసుకొచ్చే పని జ్ఞానప్రసూన అడిగి మరీ తీసుకుంది. మొదట్లో ఆగి ఆగి, ఎవరి గోడో పట్టుకుని వెళ్ళేది. ఒకరోజు సాయంత్రం జంతికల డబ్బా అడుగంటింది. వట్టి కాఫీ తాగి వెళ్ళిందేమో, తిరిగి వచ్చేటప్పుడు ఆకలితో కళ్ళు తిరిగినట్టయింది. హాసిని బాక్సు తీసి, తను తినకుండా తెచ్చిన చీజ్ పుల్ల చేతిలో పెట్టింది. అది రోజూ అలాగే తిరిగి వస్తుంది, బోరింగ్ అట.

జ్ఞానప్రసూన ముందు ఆచారం చూసుకుంది. ఇందులో జంతువుది ఏమన్నా కలుస్తుందేమో ప్యాకెట్టు మీద చదవమంది. వెజిటేరియన్ అని రాసి ఉందని హాసిని చదివింది. అప్పుడు కొరికింది. ఉప్పేసిన రబ్బరులా ఉంది. దీనికోసమా ఈ దేశం ఉబ్బిపోయింది అనుకుంది. అయినా నమిలి మింగింది.

ఆ రాత్రి ఒక్క పెసరట్టుకే ఆమెకి చాలనిపించింది. కడుపులో బాగాలేదేమోనని నీహారిక కంగారుపడింది. మర్నాడూ అంతే. అప్పుడు జ్ఞానప్రసూన కూర్చుని ఆలోచిస్తే సంగతి బోధపడింది. జంతికలు ఎన్ని తిన్నా ఇంకోటి తినాలనిపిస్తుంది, ఈ రబ్బరు ముక్క మాత్రం ఒక్కటి తింటే రాత్రిదాకా ఆకలి జోలికి రాదు. ఆ తర్వాత నాలుగింటికి ఒక చీజ్ పుల్ల, నాలుగు కీరా ముక్కలు, ఇదే ఆమె ఫలహారం. ఆమె నిగ్రహం గొప్పదనుకునేరు. బాక్సులో ఒక్కటే ఉండేది కాబట్టి ఒక్కటే తినేది. రెండుంటే ఏం చేసేదో చెప్పలేం. తెనాలి నుంచి కొత్త జంతికలు పంపిస్తానని భర్త ఫోన్ చేస్తే, మీరు మోటారు చూసుకోండి చాలు అంది.

చీజు నములుతూ ఇంటికి తిన్నగా వస్తే ఇంట్లోనే కూర్చుని పనిచేసే అల్లుడి కంట పడుతుందని అమ్మమ్మా మనవరాలూ బాతులున్న మడుగు చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళు. రానురాను ఆ చుట్టు రెండు చుట్లయింది. గోడలు పట్టుకోవడం మానేసింది. మేడ మెట్లు రెయిలింగు పట్టుకోకుండా ఎక్కింది. చీరల మీది జాకెట్లు వదులయ్యాయి. మోకాళ్ళు నొప్పి పుట్టకపోలేదు గానీ, చెప్పిన మాట వినసాగాయి.

ఇంత మార్పు కళ్ళకి కనపడుతుంటే ఉమాకాంత్ ఊరుకునే మనిషి కాదు. అక్టోబరులో వాళ్ళింట్లో పాట్‌లక్ జరిగింది. అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాక ఆయన అత్తగారిని లేపి నిలబెట్టి, చూడండి, రాత్రి అన్నం మాన్పించాను, చీజ్ అన్నది ముట్టనివ్వలేదు, మోకాళ్ళ ఆపరేషన్ తప్పించాను అని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. జితేందర్ అనే స్నేహితుడు చప్పట్లు కూడా కొట్టాడు.

“నో డాడీ, అమ్మమ్మ ఎవ్రీ డే నా చీజ్ తింటుంది” అంది హాసిని.

ఉమాకాంత్ నోటిదాకా వెళ్ళిన బజ్జీ అక్కడే ఆగింది. జ్ఞానప్రసూన నీళ్ళు నమల్లేదు.

“తిన్నాను అల్లుడుగారూ. జంతికలకి బదులు తిన్నాను. ఒక్కటే.”

ఇంకా ఏదో చెప్పబోయింది కానీ అవసరం లేకపోయింది. అన్నేళ్ళు ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి కాబట్టి లైను ఎక్కడ కట్టయిందో ఆమెకి మొహం చూడగానే తెలిసిపోయింది. తిన్నాను అన్నది అటువైపు చేరింది. బదులు అన్నదీ, ఒక్కటే అన్నదీ చేరలేదు.

ఉమాకాంత్ వారం రోజులు ఇంటర్నెట్‌లో తలమునకలుగా చదివి, చీజులో పిండిపదార్థం లేదనీ, ఉన్నదంతా ప్రోటీన్, కాల్షియం అనీ తేల్చాడు. కొవ్వు సంగతి కూడా అక్కడే రాసి ఉంటుంది గానీ, అప్పటికి ఆయన పేజీ కిందిదాకా వెళ్ళినట్టు లేదు. శనివారం దిండంత చీజ్ తురుము సంచీ మోసుకొచ్చాడు. ఆ రాత్రి పెసరట్టు మీద చీజ్ కరిగింది. మర్నాడు ఉప్మాలో. ఆపైన ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి, దాని మీద చీజ్. గుత్తివంకాయని కూడా వదల్లేదు. దేనినీ తీసేయలేదు, అన్నిటిమీదా వేశాడు. కొత్త పథ్యం గురించి ఫోన్లో అందరికీ మెసేజ్ పెట్టాడు. రెండు వారాల్లో షామ్‌బర్గ్‌లో చీజ్ పడని తెలుగువాళ్ళ పెనం లేదు. రాత్రి అన్నం మాత్రం ఎవరూ ముట్టలేదు, అంత క్రమశిక్షణ.

జ్ఞానప్రసూన ఒకసారి చెప్పి చూసింది, దాని మీద వేసుకోవడం కాదు బాబూ, దానికి బదులు తినాలని. ప్రోటీన్ అత్తయ్యగారూ, మీకు తెలీదు అన్నాడు. చొక్కా మూడో బొత్తం కూడా డ్యూటీ ఎక్కింది.

నవంబరులో ఆమె తిరుగు ప్రయాణం. ఉమాకాంత్ మళ్ళీ వీల్‌చెయిర్ బుక్ చేశాడు. వద్దంటే, సెక్యూరిటీ లైన్ పెద్దది, మీరు ఊరికే కూర్చోండి అన్నాడు. ఎయిర్‌పోర్టులో కారు పెట్టడానికి చోటు ఎక్కడో చివర దొరికింది. బంధువుల కోసం కొన్న బాదం పప్పులు, చాక్లెట్లు, విటమిన్ మాత్రలు నిండిన రెండు పెట్టెలూ ఈడ్చుకుంటూ ఉమాకాంత్ ముందు నడిచాడు, తర్వాత పక్కన నడిచాడు, తర్వాత వెనకబడ్డాడు. కౌంటర్ దగ్గర పెట్టెలు ఇచ్చేసరికి ఆయనకి ఊపిరి అందడం లేదు. మోకాళ్ళ మీద చేతులాన్చి వంగిపోయాడు.

అప్పుడే ఒక పెద్దాయన ఖాళీ వీల్‌చెయిర్ తోసుకుంటూ వచ్చాడు. ఎదురుగా నిటారుగా నిలబడ్డ జ్ఞానప్రసూనని చూశాడు, పక్కన చెంగుచెంగున గెంతుతున్న పిల్లని చూశాడు, నీహారికని చూశాడు. ఏ సందేహమూ లేకుండా కుర్చీ తీసుకెళ్ళి ఉమాకాంత్ పక్కన ఆపి, కూర్చోండి సార్, కంగారు లేదు అన్నాడు.

హాసిని పకపకా నవ్వింది. కాదని చెప్పడానికి ఉమాకాంత్ దగ్గర ఊపిరి లేదు. ఒక్క నిమిషం అని సైగచేసి అందులో కూలబడ్డాడు.

జ్ఞానప్రసూనకి మొదట నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. ఎంతైనా తనని ఆరు నెలలు కూతురితో సమానంగా చూసుకున్న పిల్లాడు. ఆ కుర్చీలోంచి లేవలేకపోతే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. సంచిలోంచి దారికోసం పెట్టుకున్న చీజ్ పుల్ల తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది వట్టిదే తినండి బాబూ. దేని మీదా వేసుకోకండి.”

ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆమె కూతురిని దగ్గరకి తీసుకుని, ఆ తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుని సెక్యూరిటీ తాడు దాకా ఆ పొడుగాటి హాలంతా నడిచింది. మోకాళ్ళు సలుపుతూనే ఉన్నాయి. అయినా ఆమెకి అంత సంతోషం ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు. తాడు దగ్గర హాసిని చిటికెనవేలు చూపించి, “అమ్మమ్మా, నీకు నడవడం వచ్చింది” అంది. జ్ఞానప్రసూన కళ్ళు తుడుచుకుని, పిల్లని ముద్దు పెట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికి పంపించి, తాడు దాటింది.

లైన్ పెద్దదని అల్లుడు భయపెట్టాడు గానీ హాలు ఖాళీగా ఉంది. వెనక నుంచి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఆమె చెవి ఎప్పుడూ మోసం చేయలేదు.

“నీహారికా, ఇంట్లో అట్లకి మినప్పిండి ఉందా?” అని అడుగుతున్నాడు ఉమాకాంత్.

జ్ఞానప్రసూన నడక ఆపలేదు.