చీకట్లో ఫ్యాను

రిటైరైన గుమాస్తాగారి మంచం కింద ఇన్వర్టరుంది. ఆ సంగతి భార్యకు తప్ప మూడో కంటికి తెలియకూడదని ఆయన తాపత్రయం. కరెంటు పోగానే దిగ్గున లేచి లైట్లన్నీ ఆర్పేస్తారు, తెరలు లాగేస్తారు. ఫ్యాను ఒక్కటే ఉంచుకుని, బనియను పైకెత్తి, పొట్టకు గాలి తగిలేలా చీకట్లో కూర్చుంటారు. "తెలిసిందంటే వీధి వీధంతా ఛార్జర్లు పట్టుకుని దిగిపోతుందే" అంటారు భార్యతో.

ఆ సాయంత్రం కరెంటు పోయిన కాసేపటికి పైవాటా కోడలు కొవ్వొత్తి పట్టుకుని తలుపు తట్టింది. "బాబాయ్ గారూ, మా అత్తయ్యకి ఆయాసం ఎక్కువైంది. మీకేమైనా కరెంటుందా? మందు పీల్చే మిషను కాసేపు పెట్టుకుంటాం." అలవాటుపడ్డ నోరు ఠక్కున అనేసింది: "మాకూ లేదమ్మా. చూస్తున్నావుగా, చీకట్లో ఏడుస్తున్నాం." ఆ మాట ముగియకముందే కొవ్వొత్తి మంట ఆమె వైపు వాలి, రెపరెపలాడి ఆరిపోయింది. ఆయన వెనకాల ఫ్యాను కిరకిర ఇద్దరికీ వినిపించింది. "బయట గాలి మొదలైనట్టుంది బాబాయ్ గారూ," అని ఆమె తడుముకుంటూ మెట్లెక్కిపోయింది. బయట ఆకు కూడా కదలడం లేదు. ఆయన తలుపేసి లోపలికొచ్చి ఫ్యాను కట్టేశారు. అప్పుడు పైనుంచి ముసలావిడ దగ్గు మరింత స్పష్టంగా వినిపించింది.