దొరకలేదండీ మాస్టారూ

తొమ్మిదేళ్లుగా మోస్తున్న బరువు ఇది. విన్నాక ఇంతేనా అంటారేమో. హత్య కాదు. దొంగతనమని కూడా ఎవరూ అనరు. ఒక పెద్దాయన నన్నొక ప్రశ్న అడిగారు, నేను అబద్ధం చెప్పాను. అంతే. ఆ అంతేని రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి తలుచుకుంటాను. మంగళ, శుక్రవారాలు మాత్రం కాస్త తెరిపి. ఆ రెండు రోజులూ గడ్డం గీసుకోను కనుక.

నా పేరెందుకు లెండి. ఏలూరులో ఒక ఆఫీసు గుమస్తాని అనుకోండి, సరిపోతుంది. తెలిసినవాళ్లకు చెప్పలేకే మీకు చెబుతున్నాను. నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు.

నాకో పిచ్చి ఉంది. పాతకాలపు రేజర్లు కొంటాను. అందరూ ఎరిగిన రకం కాదు, అదే, రెండు వైపులా పదునుండే పల్చటి బ్లేడు పెట్టేది. నావి వేరు. వాటికి ఒక్క వైపే పదునుండి, రెండో వైపు మందంగా వెన్నులాంటి అంచు ఉండే బ్లేడు కావాలి. మన ఊళ్లలో అవి ఎప్పుడూ పెద్దగా అమ్మలేదు. ఎవరో ఓడల్లో పనిచేసినవాళ్లు తెచ్చుకున్నవి, వాళ్లు పోయాక, పాతసామాన్ల కొట్టుకి చేరతాయి. తాడేపల్లిగూడెంలో అలాంటి కొట్టొకటి ఉంది. రెండో శనివారం వచ్చిందంటే నేను అక్కడ తుప్పుపట్టిన తాళాల మధ్య చేతులు పెట్టి వెతుకుతూ ఉండేవాణ్ణి. దొరికినదాన్ని చింతపండుతో తోమి బీరువాలో వరసగా పెట్టుకునేవాణ్ణి. ఒక్కదానితోనూ గడ్డం గీసుకుని ఎరగను.

గీసుకోవడానికి వాడి పారేసే ప్లాస్టిక్ రేజరే. నలభై దాటినా మెడ నిండా ఎర్రటి పొక్కులు. తెల్ల చొక్కా వేసుకుంటే కాలరు మీద రక్తపు చుక్కలు. మా ఆఫీసులో ఒకాయన రోజూ పలకరింపుగా, “ఏవండీ, ఇవాళ కూడా పిల్లితో పోట్లాడొచ్చారా?” అనేవాడు. నవ్వేవాణ్ణి. ఫోటోల్లో మాత్రం వెనక వరసలో నిలబడేవాణ్ణి.

ఒకరోజు కొట్టాయన అన్నాడు. “ఇలాంటిదే ఒక మాస్టారి దగ్గర ఉందండీ. ఆర్నెల్లకోసారి వచ్చి బ్లేడ్లున్నాయా అని అడిగెళ్తారండి. పాపం, మన దగ్గర ఎక్కడుంటాయండీ?”

మాస్టారి ఊరు కొల్లేటి లంక. గుండుగొలను దాకా బస్సు, అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీదుగా ఆటో. నేను వెళ్లేసరికి ఆయన వరండా స్తంభానికి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నారు. ఎనభై ఏళ్లుంటాయి. ఆ ఊరి బళ్లోనే చివరిదాకా పాఠాలు చెప్పి రిటైరయ్యారట. గట్టు మీద మేత బస్తాలు మోసుకుపోతున్నవాళ్లు ఆగి, “నమస్కారం మాస్టారూ,” అంటుంటే నురగ ముఖంతోనే తల ఊపుతున్నారు. కూతురు శారదగారు అదే బళ్లో టీచరు. నాకు మంచినీళ్లిచ్చింది ఆవిడే.

నేను నీళ్లు తాగలేదు. మాస్టారి చేతిలో ఉన్నదాన్నే చూస్తున్నాను.

బంగారు పూత రేజరు. బొటనవేలు ఆనే చోట పూత అరిగి ఇత్తడి బయటపడింది. పిడి చివరి మర తిప్పితే పైమూత మెల్లగా తెరుచుకుంటుంది. పక్కనే దాని పెట్టె, లోపల నీలం మఖమల్. ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఓడ మీద పనిచేసే మేనమామ కాకినాడ రేవులో దిగుతూ తెచ్చి ఇచ్చారట. వందల కొద్దీ బ్లేడ్లతో సహా. ఆ బ్లేడ్లను మాస్టారు యాభై ఏళ్లకు పైగా లాక్కొచ్చారు. మొద్దుబారితే గాజు గ్లాసు లోపలి గోడకి రుద్ది మళ్లీ పదును తెచ్చేవారు. “వారానికి రెండు రోజులు శాస్త్రం కూడా మన బ్లేడుని కాపాడుతుంది నాయనా,” అని నవ్వేవారు. నేను వెళ్లిన రోజుకి మూడే మిగిలాయి.

నా బీరువా సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. “గీసుకోకుండా కొని దాచుకోవడమేమిటి? వంట చేయనివాడు గిన్నెలు కొన్నట్టుంది. ఇంతకీ ఆ మెడేమిటి అలా ఉంది? కూర్చో.”

కూర్చున్నాను. ఆయనకు చూపిద్దామని నేను తెచ్చిన రేజరుని నా సంచిలోంచి తీశారు. మిగిలిన మూడు బ్లేడ్లలో ఒకటి విప్పి అందులో పెట్టారు. వద్దండీ అన్నాను. వినలేదు. బ్రష్షుతో నురగ పట్టించి, రేజరు నా చేతికిచ్చి, నా మణికట్టు పట్టుకున్నారు. “రేజరు తలని బుగ్గకి పూర్తిగా ఆనించు. ఇప్పుడు కొంచెం వాల్చు. నొక్కకు. దాని బరువే దాని పని. అద్దం చూడకు, చప్పుడు విను.”

విన్నాను. సరిగ్గా వాలినప్పుడు సన్నగా, కరకరమని శుభ్రమైన చప్పుడు వస్తుంది. వాలు తప్పితే మూగబోతుంది. బ్లేడు మొద్దుబారితే ఇంకో రకంగా ఉంటుంది. మాస్టారు కళ్లు మూసుకుని విని, “మెడ దగ్గర నొక్కావు,” అనేవారు. బడిలో పిల్లాడి ఎక్కం తప్పుపట్టినట్టే.

రెండు నెలల్లో నా మెడ బాగుపడింది. ఇరవై ఏళ్లుగా మందులకు తగ్గనిది. మా ఆవిడ ఒకరోజు ఆగి నా ముఖం వంక చూసి, “మీరు బాగున్నారండీ,” అంది. ఆ మాట అంతకుముందు ఆవిడ అనలేదని నిందించడం లేదు. అనడానికి నేనెప్పుడూ ముఖం నిలిపి చూపించలేదు. అది మాస్టారు పెట్టిన భిక్ష. ఇవాళ్టికీ నా చెంప తడుముకుంటే ముందు ఆయనే గుర్తొస్తారు. కృతజ్ఞత అనే మాటకు అర్థం నాకు అక్కడ తెలిసింది. తెలిసిన రెండో ఏటనే దానికి ఏం చేశానో చూడండి.

ఏడాది పాటు నెలకోసారి వెళ్లాను. నేను ఇంటర్నెట్ చూస్తానని ఆయనకు తెలుసు. “బ్లేడ్లు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడు నాయనా. ఇంకొకరి చేత గీయించుకోవడం ఈ ముఖానికి అలవాటు లేదు,” అన్నారు. వెతికాను. మనస్ఫూర్తిగానే వెతికాను, నమ్మండి. పరాయి దేశంలో ఇంకా తయారవుతున్నాయని తెలిసింది. తెప్పించాను. పది ప్యాకెట్లు ఆఫీసు చిరునామాకి వచ్చాయి. రెండు సంచిలో వేసుకుని ఆ ఆదివారం బయలుదేరాను. బస్సులో కూర్చుని ఆయన ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూనే వెళ్లాను. మరి ఆ మనిషి ఎక్కడికి పోయాడు? ఆటో దిగి వరండా దాకా ఉన్న ఇరవై అడుగుల్లో పోయాడా?

లేదు. అక్కడిదాకా బాగానే ఉన్నాడు.

వరండాలో మాస్టారు నీలం పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చివరి బ్లేడు అంచు విరిగి, గడ్డం కింద కోసుకుంది. పటిక ముక్క అద్దుకుంటున్నారు. నేనింకా చెప్పులు విప్పలేదు. సంచి నా భుజానే ఉంది.

“నాయనా, నాలుగు రోజులుగా ఒకటే ఆలోచన. బ్లేడ్లు లేకపోతే ఇది నా దగ్గర ఉండి ఏం లాభం? దొరకవని తేలిపోతే దీన్ని నీకే ఇచ్చేస్తాను. దీని విలువ తెలిసినవాడివి నువ్వొక్కడివే. దొరికాయా?”

“దొరకలేదండీ మాస్టారూ. తయారుచేయడమే మానేశారటండీ.”

రెండో వాక్యం ఎందుకు చెప్పాను? మొదటిది నోరు జారిందనుకుందాం. దానికి తలుపు గడియ వేసినట్టు రెండోది ఎందుకు? దీని గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. ఆయనకు వయసు మీద పడుతోంది, చెయ్యి వణికి కోసుకుంటారు, ఆయన మంచికేనని చెప్పుకున్నాను. ఆయన తర్వాత ఆ రేజరు ఏ పాతసామాన్ల కొట్టుకో పోతుందని కూడా చెప్పుకున్నాను. అన్నీ ఇంటికొచ్చాక అల్లుకున్నవే. ఆ క్షణంలో నాకు కనిపించింది నీలం మఖమలే. కావాలనిపించింది. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

మాస్టారు పెట్టె మూసి రెండు చేతులతో ఇచ్చారు. నేను రెండు చేతులతో పుచ్చుకున్నాను. వంగినప్పుడు సంచి ముందుకు జారింది. అందులో ప్యాకెట్లు కదిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆయనకు వినిపించి ఉంటే తెలిసిపోయేదే.

తర్వాత మాస్టారు గడ్డం పెంచారు. తెల్లగా, ఛాతీ మీదికి వచ్చింది. ఊళ్లో పిల్లలు ముని అన్నారట. ఆయనా నవ్వేశారు. వరండా స్తంభానికున్న అద్దం తీసేశారు, మేకు మాత్రం ఉండిపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెంప గోక్కునేవారు. నేను నెలనెలా వెళ్తూనే ఉన్నాను. నున్నటి ముఖంతో వెళ్లి ఆయన ఎదుట కూర్చునేవాణ్ణి. తానిచ్చిన ఆ ఒక్క బ్లేడునే గ్లాసుకి రుద్దుకుంటున్నాననుకుని, “నీ మెడ భలే ఉంది నాయనా,” అని మురిసిపోయేవారు. ఏ నెలైనా సరే, ఇప్పుడే దొరికాయండీ అని ఒక్క మాట అనొచ్చు. ఎవరికీ అనుమానం రాదు. కానీ అంటే పెట్టె తిరిగివ్వాలి. చూశారా, ఇన్నేళ్ల తర్వాత కూడా లెక్క అక్కడికే వచ్చి ఆగుతుంది.

రెండేళ్లకు ఆయన మంచం పట్టారు. శారదగారు ఫోన్ చేశారు. “నాన్నగారు మిమ్మల్ని రమ్మంటున్నారండీ. ఆ రేజరు తెమ్మన్నారండి. ఉన్న పాత బ్లేడే గ్లాసుకి రుద్ది ఒక్కసారి గీయమంటున్నారండీ.”

కొత్త బ్లేడు పెట్టి తీసుకెళ్లాను. ఆ మాత్రం మనసు మిగిలింది నాకు. “ఇవాళ మంగళవారం కదా నాన్నగారూ,” అని శారదగారు అంటే, “నాకిప్పుడు వారాలేమిటమ్మా,” అన్నారు. కత్తెరతో గడ్డం కత్తిరించి, వేడినీళ్ల గుడ్డ వేసి, నురగ పట్టించి, ఆయన నేర్పినట్టే ఆయనకు గీశాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. సగం చెంప అయ్యాక కళ్లు తెరిచారు.

“ఇది కొత్త బ్లేడు.”

నా చెయ్యి ఆగింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు ఇవ్వడు. “ఒక్కటే దొరికిందండీ,” అన్నాను.

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. “అమ్మాయీ, విన్నావా? ఒక్కటి దొరికితే తను వాడుకోకుండా నాకోసం దాచాడు.” గీయడం అయ్యాక చెంప తడుముకుని, నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నారు. నా చెయ్యి. నాలుగు రోజులకు పోయారు.

అప్పటినుంచి ఏటా ఆ తిథినాడు శారదగారు పదిమందికి భోజనం పెడతారు. నన్ను మొదటి విస్తరి దగ్గర కూర్చోబెడతారు. “ఆఖరికి మా నాన్నగారు మా నాన్నగారిలా వెళ్లారంటే మీ వల్లేనండీ,” అంటారు. నెయ్యి ఇంకొంచెం వేస్తారు. తింటాను. ఏడేళ్లుగా తింటున్నాను.

మొన్న బళ్లో మాస్టారి ఫోటో పెట్టారు. పిలిస్తే వెళ్లాను. గోడ మీద ఉన్నది గడ్డం ఫోటో. శారదగారు నొచ్చుకున్నారు. “రంగుల్లో బాగా వచ్చింది ఇదొక్కటేనండీ. చూస్తే నాన్నగారిలా లేరు కదండీ?” పిల్లలు దండం పెడుతున్నారు. ఇకమీదట ఆ బళ్లో చదివే పిల్లలందరికీ మాస్టారంటే ఆ గడ్డమే. ఆ గడ్డం నేను పెంచిందని ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు.

అందుకే రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరివ్వగలిగింది కాదు. ఇవ్వగలిగినాయన గోడ మీద ఉన్నారు. ఈ కాగితం శారదగారికి చూపించే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. ఆవిడ వడ్డించే ఆ నెయ్యి పోతుందని భయం, నిజం. కానీ ఇంతవరకు రాసేసరికి ఛాతీ కొంచెం తేలికపడింది. మాస్టారి దగ్గర పొందినది ఈ తప్పుతో చెరిగిపోలేదు. ఈ తప్పు కూడా దానితో చెరిగిపోలేదు. రెండూ నా ముఖం మీదే ఉన్నాయి. రోజూ పొద్దున్న రెండింటినీ తడుముకుంటాను.

ఆనాటి రెండు ప్యాకెట్లూ ఇంకా విప్పలేదు. నీలం పెట్టెలోనే ఉన్నాయి. ఇవాళ వాటిని బయటికి తీసి బల్ల మీద పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, తొమ్మిదేళ్ల కిందటి ప్రశ్నకు పైకే జవాబు చెప్పాను.

దొరికాయండీ మాస్టారూ. సంచిలోనే ఉన్నాయి.