కాకినాడలో రూతు టీచర్ కుడిచెయ్యి

"ఈసారి నేనే చేస్తానే, నువ్వు పక్కనుంటే చాలు" అని రూతు టీచర్ ఫోన్ చేయగానే ఎగిరి గంతేశాను. నాకు కాంటెంపరరీ డాన్స్ నేర్పింది ఆవిడే. చెన్నైలో నేర్చుకుని కాకినాడ వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా మాలాంటివాళ్ళకు నృత్యాలు కూర్చి స్టేజి ఎక్కించారు. తాను మాత్రం ఎక్కలేదు. వరినాట్లు వేసిన వాళ్ళమ్మ మీద ఇద్దరు చేసే నృత్యం ఒకటి కూర్చి, ఏళ్ళుగా మాకందరికీ నేర్పారు. వచ్చే నెల అందులో అమ్మగా తానే చేస్తానన్నారు. ఆ రిహార్సల్‌కే ఈ ప్రయాణం.

విశాఖలో పొద్దున్నే రైలెక్కితే, తుని దాటి ఇడ్లీ తినేలోపు సామర్లకోట వచ్చేస్తుంది. అక్కణ్ణించి కాకినాడకి షేర్ ఆటోకి ముప్పై రూపాయలిచ్చాను. సామాను ఎక్కువుంటే బస్సే నయం.

"డాన్సు టీచర్ గారింటికాండి?" అన్నాడు డ్రైవరు, నేను దిగాల్సిన వీధి చెప్పగానే. "మా పాపకి క్రిస్మస్ డాన్సు ఆవిడే నేర్పారండి. ఆఖర్న స్టేజీ మీదకి రమ్మని ఎంత బతిమాలినా రాలేదండి."

"వచ్చే నెల ఎక్కుతున్నారండి."

"అయ్యబాబోయ్! అయితే ఆవేళ ఆటో తియ్యనండి!"

టీచర్ ఇంట్లో, మేడ మీద మేం నేర్చుకున్న హాల్లో అద్దాలు లేవు, ఎప్పుడూ లేవు. టీచరే మాకెదురుగా నిలబడి, మేం కుడికి వెళ్ళాలంటే తాను ఎడమకి వెళ్ళి చూపించేవారు. ఆవేళ మాత్రం పక్కపక్కన నిలబడ్డాం. పాట మొదలైంది. నేను కుడికి వంగాను, ఆవిడ ఎడమకి వంగారు. ఇద్దరి భుజాలూ ఢీకొన్నాయి. నవ్వుకుని మళ్ళీ మొదలెట్టాం. మళ్ళీ అంతే.

"ఏంటే ఇది? నా అడుగు నాకు రాకపోవడమేంటి?"

"మీకు వచ్చినట్టే చెయ్యండి టీచర్, నేను మార్చుకుంటాను."

"వద్దు. అమ్మ నాటేది కుడిచేత్తోనే. ఎడంచేత్తో నాటితే అది మా అమ్మ కాదు."

మధ్యాహ్నం దాకా ప్రయత్నించాం. నెమ్మదిగా చేస్తే వచ్చేది. పాట పెడితే ఒళ్ళు తనంతట తానే, పిల్లలకి ఎదురుగా నిలబడి చూపించినట్టే, ఎడమకి తిరిగిపోయేది. చివరికి ఆవిడే పాట ఆపేశారు. రొయ్యల ఇగురు వడ్డించి, తానేమీ తినకుండా, "అమ్మగా నువ్వే చెయ్యి. నేను ముందు వరసలో కూర్చుంటాను" అన్నారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

సాయంత్రం రైల్లో తుని దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎంతమందికి నేర్పారో! ఆ నాట్లు మా అందరి ఒంట్లో ఉన్నాయి. ఆ నాట్లు వేసినావిడ కన్నకూతురి ఒంట్లోనే లేకుండా పోయాయి. ఎంత అన్యాయం అనిపించింది, ఎవరి మీదా కోపం తెచ్చుకోలేని అన్యాయం.

డాన్స్ నేర్చుకోవడానికి కాకినాడ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. తిరుగు రైలు సాయంత్రానికి పెట్టుకోండి. క్లాసు అయిపోగానే లేచి రాకండి. గోడవారగా కూర్చుని, "ఇప్పుడు మాకు చూపించడానికి కాదు, మీ కోసం మీరు చెయ్యండి టీచర్, మేం చూస్తాం" అనండి.