మొదటిది ఉంచు, రెండోది తీసెయ్

ఆ అమ్మాయి పేరు నాకు తీసేసిన వరసల్లో కనిపించింది. మధ్యాహ్నం మూడవుతోంది. తిరుపతిలో మా ఆఫీసు కిటికీలోంచి ఎండ నేరుగా కంప్యూటరు మీద పడుతోంది. నెలనెలా గీసే గ్రాఫు గీస్తుంటే, కాన్పుకని పుట్టింటికి వచ్చిన వాళ్లలో ఒక్కరికి కూడా బీపీ లేదని తేలింది. ఒక్కరికి కూడా లేకపోవడం ఏమిటని అనుమానం వచ్చి, నా ప్రోగ్రాము అక్కర్లేదని పక్కన పడేసిన వరసల్ని తెరిచాను. ఆరో వరసలోనే ఆమె ఉంది. బీపీ నూట అరవై, కింద నూట పది. కాళ్ల వాపు. తలనొప్పి. ఎనిమిదో నెల. రాసి పదహారు రోజులైంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని కొన్ని పల్లెల్లో గర్భిణుల వివరాలను ఆశా వర్కర్లు ఫోన్లో నింపి పంపుతారు. నేను వాటిని శుభ్రం చేసి, ప్రమాదంలో ఉన్నవాళ్ల జాబితా తీసి, ప్రతి సోమవారం పొద్దున తిరిగి వాళ్ల ఫోన్లకే పంపుతాను. అదీ నా ఉద్యోగం. వాడే సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమైనవే. ఎవరో ఎక్కడో కూర్చుని రాసి, లోకానికి ఊరికే ఇచ్చేసినవి. నలభై దాటాక, రాత్రీ పగలూ తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి నాకు వాటి మీద భక్తి లాంటిది ఉండేది. తెరవగానే, దీనికి ఎలాంటి హామీ లేదని ఒక ముక్క కనిపిస్తుంది. రోజూ చూసేదాన్ని, ఏనాడూ పట్టించుకోలేదు.

ఈ ఫోన్లు రాకముందు ఆశాలకు వాళ్ల పద్ధతి ఒకటుండేది. భయమనిపించిన పేరు పక్కన, రిజిస్టరులో, ఎర్ర స్టిక్కరు బొట్టు అంటించేవాళ్లు. మంగళవారం ఆ పుస్తకం చంకన పెట్టుకుని పోయి డాక్టరు ముందు కూర్చునేవాళ్లు. శిక్షణ రోజు పుత్తూరు దగ్గరి పల్లె ఆశా ఒకామె, యాభై ఏళ్ల మనిషి, లేచి నిలబడి ఈ ఫోన్లో బొట్టు ఎక్కడ పెట్టాలని అడిగింది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఇకనుంచి పుస్తకం మోయక్కర్లేదు, బొట్టు కంప్యూటరే పెడుతుంది, జాబితాలో వచ్చిన ఇళ్లకు పోతే చాలని పెద్ద తెలిసినదానిలా చెప్పాను. ఆమె తలూపి కూర్చుంది.

మా వైపు తొలికాన్పు పుట్టింట్లోనే. గాజులు తొడిగి, సీమంతం చేసి, ఏడో నెలలో పంపించేస్తారు. ఇదేమీ నాకు తెలియనిది కాదు, నేనూ అలా పోయినదాన్నే. పలమనేరు దగ్గర అత్తగారి ఊళ్లో మూడో నెలలో రాసిన పిల్లనే, పుత్తూరు దగ్గర పుట్టింటికి రాగానే అక్కడి ఆశా మళ్లీ రాస్తుంది. ఒకే మనిషి రెండు వరసల్లో ఉంటుంది. లెక్క ఉబ్బిపోతోందని పైవాళ్లు చీవాట్లు పెట్టారు. నేను నాలుగు లైన్లు రాశాను. పేరూ, భర్త పేరూ, ఫోను నంబరూ ఒకటే అయితే మనిషి ఒకటే, మొదటిది ఉంచు, రెండోది తీసెయ్. మొదటిది ఉంచడం ఆ సాఫ్ట్‌వేర్ అలవాటు. మార్చమంటే మారుస్తుంది, నేను మార్చమనలేదు. లెక్క చక్కగా తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ పిల్ల మొదటి వరసలో బీపీ మామూలుగానే ఉంది. మూడో నెలలో అందరికీ అలాగే ఉంటుంది.

ఆ వరస పంపింది బొట్టు సంగతి అడిగిన ఆశానే. ఫోను చేశాను. మండలాఫీసులో మీటింగులో ఉందట, బయటికొచ్చి మాట్లాడింది. ఆ పిల్ల ఎలా ఉందని అడిగాను.

"లిస్టులో రాలేదు గదా మేడం," అంది. "రెండు సోమవారాలు సూసినాను. రాలేదంటే ఆ పిల్ల బాగుందని కంప్యూటరు తేల్చినట్టే అనుకుంటిని. నా పాత పుస్తకంలో బొట్టు పెట్టుకోనే ఉండాను. మీరు వద్దన్నారని ఎవరికీ సూపించలేదు."

వెంటనే ఇంటికి పొమ్మన్నాను. అంబులెన్సుకు ఫోను చేశాను. ఫారంలో ఉన్న నంబరు భర్తది, పని లారీ డ్రైవరని రాసి ఉంది. అతను టమాటా లోడుతో చెన్నై దారిలో ఉన్నాడో ఏమో, ఎత్తలేదు. కూర్చోలేక పుత్తూరు బస్సెక్కాను. రేణిగుంట దగ్గర గేటు పడినట్టు బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ బస్సులో నాకు కలిగిన భయం మొదట ఆ పిల్ల కోసం కాదు, నా కోసం. ఎవరికైనా తెలుస్తుందేమో, ఉద్యోగం పోతుందేమో అని. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

వడమాలపేట దగ్గర ఆశా ఫోను వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉంది. గంట కిందట ఆ పిల్లకు ఫిట్సు వస్తే ఆటోలో వేసుకుని తిరుపతికి తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. నేను దిగి, రోడ్డు దాటి, తిరుపతి బస్సు కోసం నిలబడ్డాను. రేణిగుంట దగ్గర ఆగి ఉన్న మా బస్సు పక్కనుంచే వాళ్ల ఆటో పోయి ఉండాలి.

ఆసుపత్రిలో కాన్పుల వార్డు బయట, నేల మీద, వాళ్లమ్మ కూర్చుని ఉంది. కూతురి చేతి గాజులు తీసేసి ఇచ్చినట్టున్నారు. సీమంతానికి వేసినవి, ఆకుపచ్చవి, కొంగులో మూట కట్టి పట్టుకుంది. నేను ఆశాల ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను. అంతవరకే చెప్పాను.

"ఆశమ్మ మంచిదే మేడం," అంది నా వైపు చూడకుండా. "పేరు లిస్టులో లేదు, బయం లేదని చెప్పింది. తలనొప్పి అంటా ఉంటే అమృతాంజనం రుద్దినాను. నేనే రుద్దినాను."

తీసేసింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెప్పలేకపోయాను. చీకటి పడకముందే బిడ్డ పోయాడని చెప్పారు. మగబిడ్డ. అప్పటికి పుత్తూరు ఆశా కూడా వచ్చి చేరింది. తల్లి తొమ్మిది రోజులు లోపలే ఉండి, బతికి బయటపడింది.

పైవాళ్లకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇలాంటివి జరుగుతుంటాయి, సరిచెయ్యండి అన్నారు. ఆ నాలుగు లైన్లలో ఒక్క మాట మారిస్తే సరిపోయింది. ఇప్పుడు నా ప్రోగ్రాము దేన్నీ తనంతట తాను తీసెయ్యదు. జంట వరసలు కనబడితే ఆగి, ఏది ఉంచాలని నన్ను అడుగుతుంది. నేను రెండు ఊళ్ల ఆశాలకూ ఫోను చేసి కనుక్కుంటాను. పుస్తకాలు మళ్లీ తీయమన్నాను, బొట్లు మళ్లీ పెట్టమన్నాను. ఈ జ్ఞానమంతా ముందే ఉండి చావలేదు నాకు.

తరువాతి సోమవారం ప్రోగ్రాము ఒకచోట ఆగింది. శిశు మరణం, రెండు వరసలు. తల్లి పేరు ఒకటే, తేదీ ఒకటే, బరువు ఒకటే. మనవాళ్ల బిడ్డ అని పలమనేరు వైపు ఆశా రాసింది. మా ఊరి ఆడపడుచు కాన్పు అని పుత్తూరు వైపు ఆమె రాసింది. పోయిన బిడ్డ ఒక్కడే. రెండూ ఉంచితే ఇద్దరు పోయినట్టు అవుతుంది. ఒకటి తీసెయ్యక తప్పదు. నేను టీ తాగొచ్చాను, వేరే మండలాల పని ముగించాను, తిరిగొచ్చి చూస్తే ఆ ప్రశ్న అక్కడే ఉంది.

పలమనేరు ఆశాకు చేస్తే, మీ ఇష్టం మేడం అంది. పుత్తూరు ఆమెకు చేశాను.

"నాది తీసెయ్యొద్దు మేడం," అంది. "ఆ బిడ్డను గుడ్డలో చుట్టి ఇచ్చినప్పుడు చేతుల్లోకి తీసుకునింది నేనే."

మొదట వచ్చింది పలమనేరుది. దాన్ని తీసేసి, రెండోది ఉంచాను.